కిరాయికున్న బిళ్ల

మా మరిది పోయాడు. పెత్రమాస అమావాస్య ఇంకొక్క రోజుందనగా, పొద్దున చాయ్ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, కుర్చీలో కూర్చుని అట్లాగే పక్కకు ఒరిగిపోయాడు. నకిరేకల్‌లో మా రెండిళ్ళకూ నడుమ ఉన్నది ఒక్క గోడే. అటువైపు నుంచి నా తోడికోడలు "అక్కా" అని ఒక్క పిలుపు పిలిచింది. ఆ పిలుపుతోనే సంగతి తెలిసిపోయింది. పెద్దల పేరిట బియ్యమిచ్చే రోజుల్లోనే పెద్దల్లో కలిశాడు. బతికున్నన్నాళ్ళూ ఏ పనీ వేళకు చెయ్యని మనిషి, ఇదొక్కటి మాత్రం తిథి చూసుకుని చేశాడు.

బస్సు డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యాడు. ఆ తర్వాత పాత పతకాలు పోగుచెయ్యడం మొదలుపెట్టాడు. నాణేలు, స్టాంపులు కూడబెట్టేవాళ్ళను నేనెరుగుదును. ఈయన సరుకు వేరు. మాజీ సైనికుల సంఘాలు తమవాళ్ళకు తామే ఇచ్చుకున్న ఇత్తడి పతకాలు. బీడీ కార్మికుల యూనియన్లు, హమాలీల యూనియన్లు, చేనేతవాళ్ళ యూనియన్లు మహాసభల్లో చొక్కాలకు గుచ్చిన ఎర్రరంగు బిళ్లలు. అవెందుకయ్యా నీకు అని నేను ఎగతాళి చేస్తే ఒకటే మాట చెప్పేవాడు.

"సర్కారిచ్చింది ఎవలన్న దాసుకుంటరు వదినె. తోటోళ్ళిచ్చిన దాన్ని ఎవలు దాస్తరు?"

ఆ మాట గుర్తుండిపోయింది.

యూనియన్ ఆఫీసులకు పోయి, ముసలి నాయకుల పక్కన బెంచీ మీద కూర్చుని, వాళ్ళు పెట్టించిన చాయ్ తాగుతూ కథంతా వినేవాడు. అడిగేవాడు కాదు. కథ అయిపోయాక వాళ్ళే లేచి ఇంటికి పోయి, పెట్టె అడుగున ఉన్నది తెచ్చి చేతిలో పెట్టేవారు. ఒక్కసారి మాత్రం బేరమాడాడు. ఏదో పల్లెలో ఒక బర్రెదుడ్డె మెడలో హమాలీ యూనియన్ పతకం వేలాడుతూ కనిపించిందట. దుడ్డెకు కొత్త గంట కొనిచ్చి బిళ్ల తెచ్చుకున్నాడు. నాకు తెలిసి ఏ మహాసభకూ పోకుండా పతకం సంపాదించింది ఆ దుడ్డె ఒక్కటే.

వాటన్నిటినీ ఒక నల్ల గొంగడికి గుచ్చి గోడకు వేలాడదీశాడు. ఫ్యాన్ తిరిగితే సన్నగా గలగలమనేవి. వాటిని తుడవనిచ్చేవాడు కాదు. ఒక దసరా ముందు, ఇంట్లో బిందెలూ చెంబులూ తోముతూ తోముతూ నా తోడికోడలు అదే చింతపండు చేత్తో పతకాలన్నీ తోమేసింది. మెరిసిపోయాయి. ఆయన వచ్చి ఒక్కో బిళ్లనూ వేలితో తిప్పి చూశాడు. చివరకు, "మంచిగనే ఉన్నయి, పెండ్లికొడుకుల్లెక్క. ముసలోళ్ళంతా ఏడికి పోయిన్రో మరి" అని మాత్రం అన్నాడు. ఆమె ఆ తర్వాత ఆ గోడ జోలికి పోలేదు.

ఇప్పుడు చెప్పదలచుకున్నది ఆ గొంగడి మీది ఒక్క బిళ్ల సంగతి. మాజీ సైనికుల సంఘం వాళ్ళది, రూపాయి కంటే కాస్త పెద్దది. పాత ఇనుప సామాన్ల దుకాణంలో దొరికింది. వెనకవైపు ఎవరో మేకుతో ఒక పేరూ, కేతేపల్లి అనీ గీకి ఉంది. ఆ పేరు పట్టుకుని బస్సెక్కి పోయాడు. సిపాయి ఎప్పుడో పోయాడు, భార్య ఉంది. ఎనభై దాటిన మనిషి. తాగుడు ఖర్చుకు కొడుకే ఆ పతకం అమ్ముకున్నాడు. ఆమె దాన్ని కళ్ళకద్దుకుని, కొంగుతో తుడిచి, తిరిగి ఈయన చేతిలోనే పెట్టిందట.

"నా ఇంట్ల ఉంటె మల్ల పోతది తమ్మీ. నీ కాడనే ఉండనియ్యి. దసరా నాడు మాత్రం తీస్కరా."

దసరా నాడు ఆమె కొడవలికి పూజ చేస్తుంది. మొగుడున్నప్పటి నుంచీ ఆ కొడవలి పక్కన ఆ పతకం ఉండేది. పొలంలో వాడిన పనిముట్టూ, పటాలంలో వాడిన మనిషీ ఒకే పీట మీద.

ఆ ఏడు మొదలు, పండుగ పొద్దున మా మరిది స్నానం చేసి, తెల్ల అంగీ తొడుక్కుని, బిళ్లను జేబులో వేసుకుని కేతేపల్లి పోయేవాడు. ఒకసారి నేనూ వెంట వెళ్ళాను. బస్సు ఆలస్యమైంది. గడపలో కూర్చున్న ముసలామె మా ముఖాలు కూడా సరిగా చూడకుండానే, "వచ్చినవా తమ్మీ, పొద్దటి సంది కొడవలి ఎదురు చూస్తాంది" అంది. కుంకుమ నీళ్ళతో తడిపి కొడవలికి పెట్టింది, పతకానికి పెట్టింది. నా చేతిలో జమ్మి ఆకు పెట్టింది. మా మరిది ఆ తడి బిళ్లను అట్లాగే జేబులో వేసుకున్నాడు. ఇంటికొచ్చేసరికి జేబు మీద గుండ్రటి ఎర్ర మరక. ఏటా ఒక తెల్ల అంగీ పాడవుతోందని నా తోడికోడలు ఏటా అరిచేది. రుమాల్లో చుట్టుకోవచ్చు కదా అన్నాను నేను.

"దస్తీల చుడితె జేబుల ఉన్నట్టే తెలువది వదినె."

హైదరాబాదు నుంచి ఒక పెద్దమనిషి, ఇట్లాంటివే సేకరించేవాడు, వచ్చి గొంగడంతా చూసి సరిగ్గా ఆ ఒక్కటే కావాలన్నాడు. మిగతావి ఏవైనా తీసుకొమ్మన్నాడు మా మరిది. అది మాత్రం, "నాది కాదు సార్, నా కాడ కిరాయికి ఉంటాంది" అన్నాడు. కిరాయి ఎవరు ఎవరికి కడుతున్నారో ఆ పెద్దమనిషికి అర్థం కాలేదు.

దినవారాలు ముగిసిన మర్నాడే దసరా వచ్చింది. చావు జరిగిన ఇంటికి ఏడాది పండుగ లేదు. ఆ ఇంటివాళ్ళు పండుగపూట ఇంకొకరి గడప తొక్కకూడదు. గొంగడి మీద బిళ్ల ఉంది. కేతేపల్లిలో కొడవలి ఉంది. ఆమెకు ఫోను లేదు. తెల్లారి పంపుదామంది నా తోడికోడలు. తెల్లారి బస్సు దొరుకుతుంది గానీ దసరా దొరకదు కదా అన్నాను. అయినా నేనూ చెప్పులు తొడుక్కోలేదు. పండుగపూట చావింటి నుంచి వచ్చామని ఆ ముసలి ప్రాణం జడుసుకుంటే ఎట్లా? మధ్యాహ్నం దాకా ఇద్దరం ఆ గోడ వైపు చూడకుండా కూర్చున్నాం.

ఆటో ఆగింది. ముసలామె దిగింది. చంకలో తువ్వాలలో చుట్టిన కొడవలి. నా తోడికోడలు గుమ్మంలోనే ఆగిపోయి, మాకు పండుగ లేదని చెప్పబోయింది.

"ఎరికే బిడ్డా. తమ్మి పోయిండని మా ఊరోళ్ళు చెప్పిన్రు. నేను పండుగకు రాలే. కొడవలి వచ్చింది."

అరుగు మీద పీట వేశాం. నేను గొంగడి నుంచి బిళ్ల తీసుకొచ్చాను. ఆమె కుంకుమ తడిపి రెండింటికీ పెట్టింది, దండం పెట్టుకుంది. జమ్మి ఆకు ఎవరి చేతిలో పెట్టాలో తెలియక పీట మీదే ఉంచింది. తర్వాత, "ఆయిన అంగి ఒకటి తే బిడ్డా" అంది.

అంగీలేవి? దినం నాడు బట్టలన్నీ ఇచ్చేశాం. నా తోడికోడలు లోపలికి పోయి చాలాసేపు రాలేదు. వచ్చినప్పుడు ఆమె చేతుల మీద తెల్ల అంగీల దొంతర ఉంది. మరకలున్నవి ఇతరులకు ఇవ్వకూడదని వేరే పెట్టినవట. ఏటేటా ఆమె అరిచినవి. ఇంట్లో ఆయనవి మిగిలింది అవే.

పైనున్న అంగీని ముసలామె ఒడిలో పరుచుకుని, తడి బిళ్లను జేబులో వేసింది. పాత మరక మీదికి కొత్త ఎరుపు మెల్లగా పాకింది. నా తోడికోడలు దాన్ని తీసుకుపోయి గొంగడి పక్కన మేకుకు తగిలించింది. ఇప్పటికీ అక్కడే ఉంది. బిళ్ల బరువుకు జేబు ఒకవైపు కిందికి జారి, ఫ్యాన్ వేసినప్పుడు అంగీ చేతులు కొంచెం కదులుతాయి.