థింసా వరసలో చిక్కిన నా కొరియన్

ముందే చెప్పేస్తున్నా, మా అతిథులకి ఫ్లైట్ అందింది! ఇల్లు చేరామని పొద్దున్నే మెసేజ్ కూడా వచ్చింది. అందుకే ఇంత తాపీగా టీ తాగుతూ చెప్పగలుగుతున్నాను. మొన్న మధ్యాహ్నం నన్ను చూసుంటే మొహాన నీళ్ళు చల్లేవారు.

అరకులో మా అమ్మా నేనూ చిన్న హోమ్‌స్టే నడుపుతున్నాం కదా. కొరియన్ సీరియల్స్ పిచ్చి ముదిరి నేను ఆన్‌లైన్ క్లాసులో చేరాను. ఇప్పటికి అయింది "చేద్దామా", "చేద్దాం", "నేను చేస్తాలెండి" వరకే. మాట చివర "ల్కాయో" తగిలిస్తే చేద్దామా అని అడిగినట్టు, "ల్కేయో" తగిలిస్తే నేను చేస్తానని మాటిచ్చినట్టు. "వద్దు", "ఆపండి", "లేటయింది" ఇవన్నీ తర్వాతి పాఠాలట. అంటే ఎవరినైనా దేంట్లోకైనా దింపగలను, బయటికి మాత్రం లాగలేను!

సరిగ్గా అప్పుడే ఒక కొరియా జంట మా ఇంట్లో దిగారు. బుసాన్‌లో చిన్న కాఫీ షాపు నడుపుకునే పెద్దాయన, పెద్దావిడ. మన కాఫీ తోటలు చూడ్డానికొచ్చారు. నాకు కొరియన్ వచ్చినంత కూడా వాళ్ళకి ఇంగ్లీష్ రాదు. ఇక చూస్కోండి నా జోరు! తోటకి వెళ్దామా? బొంగు చికెన్ తిందామా? సంత చూద్దామా? పెద్దావిడ ప్రతిదానికీ చప్పట్లు కొట్టి సరే అంటుంది. బ్యాగు కనిపిస్తే చాలు, "నేను మోస్తాలెండి" అంటాను. మా అమ్మ వంటింట్లోంచి తొంగి చూసి, "ఏటే గుంటా, ఆలతో అంతంత సేపు ఏటి మాటాడతన్నావు? నాకూ సెప్పు" అని ఒకటే మురిసిపోవడం.

వచ్చేటప్పుడు ఘాట్ రోడ్డు మలుపుల్లో పెద్దావిడకి కడుపులో తిప్పేసింది. అందుకని తిరుగు ప్రయాణం రైల్లో పెట్టుకున్నారు. రైలు అందితేనే వైజాగ్‌లో రాత్రి ఫ్లైట్ అందేది. టైముంది కదా అని నేను వాళ్ళని పెట్టెలతో సహా జీపెక్కించి, పక్క ఊరికి గిరిజనుల థింసా ఆట చూపించడానికి తీసుకెళ్ళాను. ఆ ఊరి బుద్రి అత్త మా అమ్మకి స్నేహితురాలు. వరసకి ముందుండి ఆట నడిపించేది ఆవిడే. చూసి వచ్చేస్తే పోయేది. నా నోరు ఊరుకుంటుందా! "చుమ్ చుల్కాయో?" అన్నాను. డాన్స్ చేద్దామా అని. అనడమే ఆలస్యం, ఇద్దరూ చెప్పులు విప్పేసి వరసలో దూరిపోయారు.

థింసా అంటే ఆషామాషీ కాదు. ఒకరి వీపు వెనక ఒకరు చేతులు పెనవేసుకుని గొలుసులా కదలాలి. తుడుం మోత ఆగేదాకా చెయ్యి వదలకూడదు. కాసేపు నేనూ వీడియో తీస్తూ ఈలలు వేశాను. తర్వాత టైం చూసుకున్నాను. రైలు టైం దగ్గరికొచ్చేసింది!

తుడుం కొట్టే ఆయన దగ్గరికి పరిగెత్తాను. "బాబాయ్, ఆపేయండి! వాళ్ళకి రైలుంది!"

"ఎలాగాపుతామమ్మా? సుట్టం కాలు ఆడతంటే మోత ఆపేత్తే, పొమ్మన్నట్టు కాదేటి?"

పెద్దాయన దగ్గరికి పరిగెత్తి ఫోన్లో టైం చూపించాను. ఆయన చెమటలు కక్కుతూ తుడుం వాళ్ళ వైపు చూసి ఎంతో గౌరవంగా తల వంచాడు. వాళ్ళంత కష్టపడి వాయిస్తుంటే మధ్యలో వెళ్ళిపోవడం మర్యాదేనా అని ఆ చూపు నన్నే అడుగుతోంది. అయిపోయింది! వీళ్ళు ఆపితే గాని వాళ్ళు ఆగరు, వాళ్ళు ఆగితే గాని వీళ్ళు ఆపరు. ఇద్దరి మర్యాదల మధ్య నా ప్రాణం పోతోంది.

"కల్కాయో? వెళ్దామా?" అంటూ వరస పక్కనే నేనూ గుండ్రంగా పరుగు. పెద్దావిడ ముత్యాల్లాంటి పళ్ళతో నవ్వి, "చోగుమ్ దో" అంటుంది. ఇంకొంచెం అని! ట్రాన్స్‌లేటర్ వాడదామంటే ఆ ఊళ్ళో సిగ్నల్ లేదు. ఏడుపొక్కటే తక్కువ.

ఆఖరికి బుద్రి అత్త పక్కన చేరాను. "అత్తా, రైలు తప్పితే ఆళ్ళ ఇమానం పోద్ది. నీ కాళ్ళు పట్టుకుంటాను!"

అత్త అడుగు తప్పలేదు. "కాళ్ళు పట్టుకుంతే నానెలాగాడతానే? తప్పుకో. జీపెక్కడెట్టావు?"

"బడి కాడ."

"సెప్పవేటి మరి! బేగి పద."

చేతిలో నెమలీకల కట్ట పైకెత్తి, వరస వరసనీ సందులోకి తిప్పేసింది! వెనకే తుడుం, డప్పు, ఊరు ఊరంతా. నేను రెండు జతల చెప్పులు చంకలో పెట్టుకుని ముందు పరిగెత్తాను. గొలుసు తెగలేదు, ఎవరి మర్యాదా పోలేదు. జీపు దగ్గరికొచ్చి అత్త ఆగింది, తుడుం ఆగింది, పెద్దాయన తిన్నగా వెళ్ళి సీట్లో కూలబడ్డాడు. నేనైతే అత్తని వాటేసుకుని బావురుమన్నాను. హమ్మయ్య అనే మాటకి అర్థం ఆ రోజు తెలిసింది.

స్టేషన్‌కి వెళ్ళేసరికి రైలు నించునే ఉంది. పెద్దావిడ పెట్టె ఎత్తబోయింది. "నేను మోస్తాలెండి!" అన్నాను, అలవాటు కదా. పెట్టెలు లోపలికి చేర్చి, సీటు కిందికి తోసి, వాళ్ళని కూర్చోబెట్టాను. పెద్దావిడ నా రెండు చేతులూ పట్టుకుని వదలదు. ఆవిడ కళ్ళలో నీళ్ళు, నా కళ్ళలో నీళ్ళు. తీరా కళ్ళు తుడుచుకుని కిటికీలోంచి చూస్తే, అరకు బోర్డు మెల్లగా వెనక్కి పోతోంది!

వాళ్ళేమో నేను సాగనంపడానికే కావాలని ఎక్కాననుకుని మురిసిపోయారు. టన్నెల్ వచ్చినప్పుడల్లా ముగ్గురం కలిసి కేకలు. టికెట్ లేదు, పర్సు జీపులో ఉంది, అయినా నవ్వుతున్నాను. ఏం చెయ్యను మరి!

బొర్రా స్టేషన్‌లో దిగి అమ్మకి ఫోన్ చేశాను.

"ఆలు రైలెక్కీసినారేటి?"

"ఎక్కేశారమ్మా."

"అమ్మయ్య! నువ్వు బేగి వచ్చీ, కూర సల్లారిపోతంది."

"అమ్మా... నేనూ ఎక్కేశాను."

అటువైపు కూర గిన్నె మీద మూత ఠప్పున పడింది.

"ఆ కొరియా బాస తరవాత నేర్సుకుందువు గాని, ముందు రైలు దిగడం నేర్సుకోయే!"