పన్నెండు లెక్కపెట్టే చెయ్యి

ఆ నాలుగంతస్తుల భవనంలో ఆమెను అందరూ పన్నెండక్క అంటారు. ఆమె ఇంటి నంబరు పన్నెండు కాదు. ఓవెన్ తలుపు తీసి, కుడిచెయ్యి లోపలికి పెట్టి, పెదాలు కదపకుండా లెక్కపెట్టుకుంటుంది. పన్నెండు దాకా చెయ్యి ఓర్చుకుంటే కేకు పెట్టడానికి వేడి సరిపోయినట్టు. ఎనిమిదికే లాక్కోవాల్సి వస్తే కేకు పైన మాడి లోపల పచ్చిగా ఉండిపోతుంది. ఇరవై దాటినా చెయ్యి హాయిగా ఉందంటే ఆ కేకు పొంగదు, ఇటుకలా కూర్చుంటుంది.

ఈ విద్య ఆమెకు ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. పేరున్న బేకరీలో పంతొమ్మిదేళ్లు పనిచేసింది. అక్కడి పెద్ద ఓవెన్ మీద అంకెలు ఎప్పుడో అరిగిపోయాయి. తెల్లటోపీ పెట్టుకున్న మేస్త్రీలు నలుగురు మారారు. వచ్చిన ప్రతివాడూ మొదటి నెలంతా ఆమెను అడిగాకే ట్రే లోపలికి తోశాడు. అయినా హాజరు పుస్తకంలో ఆమె పేరు పక్కన పంతొమ్మిదేళ్లూ ఒకటే మాట ఉంది: హెల్పర్. టోపీవాళ్ల జీతం వేరు, సెలవులు వేరు, ఆఖరికి కూర్చునే స్టూలు కూడా వేరు. అదే పని వాళ్లు చేస్తే నైపుణ్యమని రాసుకున్నారు, ఆమె చేస్తే రాయడానికి ఏమీ లేదనుకున్నారు. ఇలాంటి హాజరు పుస్తకాలు ఎన్ని వేల చోట్ల ఉన్నాయో లెక్క తీసేవాళ్లు లేరు.

ఒకరోజు ఆ మాట మార్చమని అడిగింది. "రాతలో ఏముంది అమ్మాయ్, చేసే పని అదేగా" అని యజమాని నవ్వాడు. చేసే పని అదే కాబట్టే అడుగుతున్నానని ఆమె చెప్పబోయింది. ఆయన అప్పటికే ఫోన్ ఎత్తేశాడు. ఆ నెలాఖరుకి మానేసింది.

మూతపడిన ఒక హోటల్ నుంచి పాత ఓవెన్ ఒకటి తెచ్చుకుని, ముందుగదిలో సోఫా తీసేసి ఆ చోట పెట్టింది. భర్త దూరపు బస్సులు నడుపుతాడు, ఇంట్లో ఉండేదే తక్కువ, కాబట్టి సోఫా పోయిన సంగతి ఆయనకు పది రోజుల తర్వాత తెలిసింది. అత్తగారికి మాత్రం ఆ క్షణమే తెలిసింది. "నా నడుముకి ఉన్న ఒక్క ఆధారం నీ ఇనప్పెట్టెకి ఇచ్చావు" అని రోజూ దెప్పుతూనే, పక్కన కుర్చీ వేసుకుని, టిన్నులకు కాగితం కత్తిరించి పరిచే పని తనే తీసుకుంది. ఆవిడ పరిచిన కాగితంలో ఒక్క మడత ఉండదు.

ఎనిమిది నెలలు అలా గడిచాయి. సంవత్సరం చివర సెలవులు వచ్చాయి. ఊరంతా కేకులు కొనే ఆ వారంలో, పెద్దాసుపత్రి క్యాంటీన్ నుంచి నలభై కేకులకు కబురు వచ్చింది. సెలవుల్లోనూ డ్యూటీలో ఉండే నర్సులకు, ఆయాలకు, వార్డుల్లో తుడిచేవాళ్లకు ఇవ్వడానికి. క్యాంటీన్ చూసే మేడమ్ ఒకటే చెప్పింది. గురువారం సాయంత్రం ఐదింటికి సరుకు చేతిలో ఉండాలి. బాగుంటే కొత్త సంవత్సరం నుంచి వారం వారం నీ దగ్గరే. లేకపోతే బేకరీవాళ్లు ఎలాగూ ఉన్నారు. అంటే ఆ నలభై కేకులు వెళ్తే ఆమె తన కాళ్ల మీద తను నిలబడుతుంది. వెళ్లకపోతే మళ్లీ ఆ హాజరు పుస్తకంలోకే.

గురువారం పొద్దున తొమ్మిదిన్నరకి, మొదటి విడత పది కేకుల పిండి కలిపేసి, టిన్నుల్లో పోయబోతూ చెయ్యి ఓవెన్‌లో పెట్టింది. పన్నెండు అయింది. ఇరవై అయింది. ముప్పై లెక్కపెట్టినా చెయ్యి చల్లగానే ఉంది. 

మరమ్మతులు చేసే అతను పావుగంటలో వచ్చాడు, వెనక రేకు విప్పాడు, టార్చి వేసి చూశాడు. కింది కాయిల్ తెగిపోయింది, దాంతోపాటు లోపలి వైర్లూ కాలాయి. ఈ పాత మోడల్ కాయిల్ ఇక్కడ దొరకదని, సెలవులు అయ్యాకే వస్తుందని చేతులెత్తేశాడు. వెళ్తూ వెళ్తూ, "నా చేతిలో ఉంటే ఆపుతానా అక్కా" అన్నాడు. అతని తప్పేమీ లేదు. కానీ బేకరీ ఓవెన్లు చూసేది కూడా అతనే. నోట్లో మాట ఆగే మనిషి కాదు.

అతను మెట్లు దిగిన కాసేపటికే బేకరీ యజమాని ఫోన్ చేశాడు.

"ఓవెన్ పోయిందటగా అమ్మాయ్. నా దగ్గర మూడున్నాయి. పిండి తెచ్చేసుకో, నలభై కాదు నాలుగొందలు కాల్చుకో. రేపటి నుంచి మామూలుగా పనిలోకి వచ్చేసెయ్. అంతే."

"పనిలోకంటే, ఏమని సార్?"

"ఏమనేమిటి? ఎప్పటిలాగే."

ఆమె వెంటనే కాదనలేదు. కాదనాలంటే వేరే దారి ఏదైనా ఉండాలి కదా. అరగంటలో చెబుతానంది. కలిపిన పిండి గిన్నె ఎదురుగా ఉంది. బేకింగ్ పౌడర్ పడిన పిండి ఎవరి కోసమూ ఆగదు. గంట దాటితే అది పిండి కాదు, జిగురు.

అత్తగారు కత్తెర కింద పెట్టింది.

"రెండో అంతస్తు టీచరమ్మ ఇంట్లో ఒకటుంది" అంది.

"ఏంటత్తయ్యా?"

"ఓవెనే. పెళ్లికి ఎవరో ఇచ్చారు. లోపల మూకుళ్లు దాచుకుంటుంది. పైన లెక్కల మాస్టారికి కొడుకు కొనిపెట్టాడు, అందులో పాత పేపర్లు పెడతాడు. టైలరమ్మకి ఉంది. ఆ ఎదురింటి కొత్త జంటకి ఉంది, అట్టపెట్టె కూడా విప్పలేదు. మందుల షాపాయనకి ఉంది. నాలుగో అంతస్తు బ్యాంకావిడకి ఉంది. మొత్తం ఆరు."

ఏడేళ్లుగా అత్తగారు సాయంత్రాలు మెట్ల దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంటుంటే, పనీపాటా లేని ముసలమ్మ అని కోడలితో సహా అందరూ అనుకున్నారు. ఆ భవనంలోకి ఏ పెట్టె ఎక్కిందో ఆవిడకి తెలియకుండా ఎక్కలేదు.

పన్నెండక్కకి అడగడం రాదు. పంతొమ్మిదేళ్లలో ఒక్కసారి అడిగింది, దానికి వచ్చిన జవాబు తెలుసు. గుమ్మంలో నిలబడిపోయింది. "నేను ఎక్కలేను, నువ్వు అడగలేవు, పిండి ఆగలేదు. ఇక ముగ్గురం కూర్చుని ఏడుద్దామా?" అంది అత్తగారు. కోడలు మెట్లెక్కింది.

ఎవరూ కాదనలేదు. అదే ఆమెను ఎక్కువ ఆశ్చర్యపరిచింది. టీచరమ్మ మూకుళ్లు బయటికి తీస్తూ, ఈ పెట్టెలో ఏదైనా కాలుతుందంటే తనే నమ్మలేనంది. కొత్త జంట అట్టపెట్టె అక్కడికక్కడే విప్పారు. టైలరమ్మ అందరికంటే ఉత్సాహపడి, అక్క వచ్చేలోపు వేడెక్కి ఉండాలని ముందే స్విచ్ వేసేసింది. లోపల దాచిన ప్లాస్టిక్ డబ్బాల మూతల సంగతి ఆమెకి వాసన వచ్చాక గుర్తొచ్చింది. పదకొండు మూతలు కలిసి ఒక ఆకుపచ్చ ముద్ద అయ్యాయి. ఆరు ఓవెన్లు ఐదయ్యాయి. టైలరమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంటే, "ఏడవకే, ఆ మూతలు ఏ డబ్బాకీ సరిపోయేవి కావని నువ్వేగా చెప్పావు" అని కింది నుంచే అత్తగారు అరిచింది.

ఐదు ఓవెన్లు ఒకేసారి వేశారు. భవనం మొత్తం కరెంటు పోయింది.

అక్కడి వైర్లు కట్టిననాటివి. మార్పించమని అద్దెకున్నవాళ్లు మూడేళ్లుగా కాగితాలు పెడుతూనే ఉన్నారు. ఇంటి ఓనరు వాటిని ఏం చేస్తున్నాడో తెలియదు గానీ, అద్దె పెంచడానికి మాత్రం ఏ కాగితం కోసమూ ఎదురుచూడలేదు. ఫ్యూజు వేసి, మళ్లీ పోగొట్టుకుని, చివరికి తేల్చుకున్నారు. మూడు ఓవెన్లు మాత్రమే ఒకసారికి నడుస్తాయి, అదీ మిగతావాళ్లు వేడినీళ్ల హీటర్లు, ఇస్త్రీపెట్టెలు వాడకుండా ఉంటేనే. కింద గదిలో ఇస్త్రీ చేసుకుని బతికే ఆయనకి ఇవే పని ఉండే రోజులు. గదిలో బట్టలు కొండలా ఉన్నాయి. ఆయన దగ్గరికి వెళ్లి అడగడానికి ఆమెకి నోరు రాలేదు. ఆయనే పెట్టె ప్లగ్గు పీకేశాడు.

"చొక్కా రేపైనా వేసుకుంటారమ్మా. కేకు ఇవాళేగా కావాలి."

ఆమె బేకరీ యజమానికి ఫోన్ చేయలేదు. అరగంట ఎప్పుడు దాటిందో కూడా చూసుకోలేదు. మొదటి పది టిన్నులు మూడిళ్లలోకి వెళ్లిపోయాయి.

ఇక అక్కడి నుంచి ఆ చెయ్యే పనిచేసింది. ఐదు ఓవెన్ల మీదా అంకెలు కొత్తగా మెరుస్తున్నాయి, ఐదూ అబద్ధాలే చెబుతున్నాయి. నూట ఎనభై అని ఉన్నచోట ఒకదాంట్లో చెయ్యి ఏడుకే కాలింది, ఇంకోదాంట్లో పంతొమ్మిది దాకా నిలిచింది. ఆమె ఒక్కో ఇంట్లో వేడి మర తిప్పి, కాస్త ఆగి, మళ్లీ చెయ్యి పెట్టి, పన్నెండుకి తెచ్చింది. మందుల షాపాయన ఓవెన్ ఎడమవైపు ఎక్కువ కాలుతోందని కనిపెట్టి, సగంలో టిన్నులు తిప్పమని ఆయన భార్యకి చెప్పింది. మెట్లు ఎక్కుతూ దిగుతూ, మధ్యలో తర్వాతి విడత పిండి కలుపుతూ, మధ్యాహ్నానికి ఆమె మోకాళ్లు అత్తగారి మోకాళ్లతో సమానమయ్యాయి.

లెక్కల మాస్టారితోనే చిక్కొచ్చింది. రిటైరై నాలుగేళ్లయినా ఆయనలో మాస్టారు రిటైర్ కాలేదు. అంకె ఉండగా చెయ్యి పెట్టడమేమిటని వాదించి ఓడిపోయాడు. ఓడిపోయాక, పరిశీలనైనా శాస్త్రీయంగా ఉండాలని, ఐదు నిమిషాలకోసారి ఓవెన్ తలుపు తీసి, స్కేలుతో కేకు ఎత్తు కొలిచి కాగితం మీద రాసుకున్నాడు. పొంగుతున్న కేకుకి చల్లగాలి తగిలితే ఏమవుతుందో ఆ కాగితమే చెబుతోంది. నాలుగున్నర సెంటీమీటర్లు, నాలుగున్నర, మూడు. ఆఖరి విడతలో రెండు కేకులు నడిమధ్య గుంటపడ్డాయి.

"నా తప్పేనమ్మా" అన్నాడు మాస్టారు, కాగితం వెనక్కి దాచుకుంటూ. ఆయన ఆ మాట అనడం నలభయ్యేళ్ల కాపురంలో అదే మొదటిసారని భార్య తర్వాత అందరికీ చెప్పింది.

మళ్లీ కాల్చడానికి గుడ్లు లేవు, సమయం అంతకన్నా లేదు. నాలుగున్నరకి ముప్పై ఎనిమిది కేకులు అట్టపెట్టెల్లో సర్ది, ఆటోలో ఒళ్లో రెండు, పక్కన మిగతావి పెట్టుకుని ఆమె ఆసుపత్రికి వెళ్లింది.

క్యాంటీన్ మేడమ్ కళ్లద్దాలు సవరించుకుని పెట్టెలు వరసగా తెరిపించింది. ఒక్కో పెట్టెలో ఒక్కో రంగు. కొన్ని గోధుమరంగు, కొన్ని బంగారు రంగు, కొన్నిటికి ఎడమ చెంప మాత్రం ముదురు.

"ఇవన్నీ ఒక్క ఓవెన్‌లో కాలినవి కావు" అంది.

"కావు మేడమ్. నాది పొద్దున పోయింది. ఐదిళ్లలో కాల్చాను. రెండు కుంగిపోయాయి, అవి తేలేదు. ముప్పై ఎనిమిదే ఉన్నాయి."

మేడమ్ కత్తి అందుకుంది. ముదురు చెంపది ఒకటి తీసి, సరిగ్గా నడిమధ్యకి కోసి, వేలితో నొక్కింది. వేలు తీయగానే కేకు మళ్లీ పైకి వచ్చింది. నిలబడే ఒక ముక్క తింది. గ్లాసులు కడుగుతున్న ఆయాను పిలిచి ఆమెకీ ఒక ముక్క ఇచ్చింది. ఆయా నములుతూ తల ఊపింది, ఇంకో ముక్క కోసం చెయ్యి చాపింది. అప్పుడు మేడమ్ సొరుగులోంచి ఫారం తీసింది. ఓవెన్ బాగయ్యాక ఒకసారి వంటగది చూడటానికి వస్తానని, మొదటి వారం నుంచి వారానికి ముప్పై కావాలని చెప్పి, పేరు, చిరునామా రాసుకుని కలం ఆపింది.

"పని? ఏమని రాయను?"

 ఈసారి ఎదుటి మనిషి ఫోన్ ఎత్తలేదు, జవాబు కోసం చూస్తోంది.

"కేకులు కాలుస్తాను. అదే రాయండి."

మేడమ్ అదే రాసింది.

గేటు బయటికి వచ్చి బేకరీకి ఫోన్ చేసింది. రాలేనని చెప్పింది. ఎలా కాల్చావని యజమాని రెండుసార్లు అడిగాడు. ఐదిళ్లలో అంటే ఆయనకి అర్థం కాలేదు. ఆమె మూడోసారి చెప్పలేదు.

ఇంటికొచ్చేసరికి మెట్ల మీద సభ జరుగుతోంది. అత్తగారు కుర్చీలో అధ్యక్షురాలు. కుంగిన కేకులు రెండూ ముక్కలై అందరి చేతుల్లో ఉన్నాయి. మొదటి ముక్క ఇస్త్రీ ఆయనకి ఇచ్చారట. మాస్టారు కాగితం తిప్పి, దాని వెనకవైపు వైర్ల గురించి ఓనరుకి మరో అర్జీ రాస్తున్నాడు. మూడేళ్లుగా ఎవరికివారు విడివిడిగా పెట్టిన అర్జీలు చెత్తబుట్టలోకి పోయాయి కాబట్టి, ఈసారి భవనంలో అందరూ ఒకే కాగితం మీద సంతకం పెట్టి, అందరూ కలిసే తీసుకెళ్లి ఇవ్వాలని టీచరమ్మ తేల్చేసింది. ఆ మాటకి ఎవరూ అడ్డు చెప్పలేదు. ఒకే తీగ మీద అందరూ బతుకుతున్నామని ఆ రోజు ఫ్యూజు పోయినప్పుడే అందరికీ తెలిసింది.

"ఏమన్నారే?" అని అడిగింది అత్తగారు.

కోడలు చెప్పింది. ఆవిడ ఇంటి గుమ్మం వైపు ఓసారి చూసింది. తర్వాత, "అయితే సోఫా ఇక రాదన్నమాట" అంది.

కొత్త కాయిల్ ఆరో రోజున వచ్చింది. అది బిగించిన మధ్యాహ్నం టైలరమ్మ వచ్చి, తనకూ చెయ్యి పెట్టడం నేర్పమంది. వారానికి ముప్పై కేకులు ఒక్క చేతి పని కాదని పన్నెండక్కకి కూడా తెలుసు. మర తిప్పి, వేడెక్కేదాకా ఆగి, తలుపు తీసింది. టైలరమ్మ కళ్లు మూసుకుని చెయ్యి లోపల పెట్టింది. తొమ్మిదికే లాగేసుకుంది.

"కాలి తీశావా, భయపడి తీశావా?"

టైలరమ్మ అరచెయ్యి తిప్పి చూసుకుంది. ఎర్రబడలేదు.

"భయపడే అక్కా."

"అయితే మళ్లీ పెట్టు."