దేవుడి గేందా చెట్టు

నిన్న గుడిమల్కాపూర్ పూల మార్కెట్‌లో ఒకాయన నా చెవి పక్కనే "గేందా, గేందా, తాజా గేందా" అని అరిచాడు. బంతిపూలకు ఉర్దూలో గేందా అని పేరు. అంతే. తూకం కూడా చూసుకోకుండా పూల సంచీ పట్టుకుని ఆటో ఎక్కేశాను. బంతిపూల పేరు వింటే భయపడే ఆడది ఈ పట్నంలో నేనొక్కదాన్నే అయ్యుంటాను. దానికి కారణం మా అత్తమ్మ, ఆవిడ చెవులు.

శాలిబండలో మా గల్లీ చివర ఉన్న గుడిలో పూజ చేసే వంశం మా అత్తగారింటివాళ్లది. దేవుడి మెడలోంచి తీసిన దండను ఎవరూ తొక్కకూడదు, చెత్తలో వేయకూడదు. అందుకని అత్తమ్మ ఆ పూలను తెచ్చి డాబా మీది కుండీల్లో నలిపి చల్లుతుంది. దీపావళి దాటేసరికి బంతి మొలకలు లేస్తాయి. ప్రతి మొక్క మొదటి పువ్వూ మళ్లీ దేవుడికే. అది పూసేదాకా ఒక్క ఆకు కూడా తెంపనివ్వదు. కొన్నేళ్ల కిందట ఒక మొక్క మిగతావాటిని మించి ఏపుగా లేచింది. రంపపు పళ్లలాంటి అంచులతో సన్నటి ఆకులు. నేనూ బంతే అనుకున్నాను. పక్క డాబా మీద పావురాలు పెంచే చాచా దాన్ని చూసి "అమ్మా, యే గాంజా హై", అంటే ఇది గంజాయి అని అరిచాడట. అత్తమ్మకు ఉర్దూ బాగానే వచ్చు, వినికిడే కొంచెం తక్కువ. "అవ్ భాయ్, గేందానే" అని చెప్పి, కిందికొచ్చి "చాచా గూడ మెచ్చుకున్నడు" అని మురిసిపోయింది.

కార్తీకం వెళ్లి మార్గశిరం వచ్చింది. చుట్టూ కుండీలన్నీ పసుపుపచ్చగా పూశాయి. ఇది మాత్రం జిగట జిగటగా ఆకుపచ్చ గుత్తులు వేసింది, బట్టలు ఆరేయడానికి వెళితే తల తిరిగేంత ఘాటు. అనుమానం వచ్చి చాచాను అడిగితే ఆయన నెత్తి కొట్టుకున్నాడు. "గేందా నై బేటీ, గాంజా. నా కబూతర్ల దానాలకెళ్లి గింజ పడ్డట్టుంది. జల్దీ తీసెయ్, ఎవలన్న చూస్తే లొల్లయితది."

లొల్లి అంటే మామూలు లొల్లి కాదు. సరిగ్గా అప్పుడే మా మరిది పోలీసు ఉద్యోగానికి ఎంపికయ్యాడు. ఏళ్ల తరబడి కోచింగులు, చలిలో పొద్దున్నే పరుగులు. ఇంకోసారి రాయడానికి వయసు కూడా మిగల్లేదు. ఉద్యోగం ఖాయం చేసేముందు ఇంటికొచ్చి విచారణ చేసే పోలీసాయన నేడో రేపో వస్తాడు. డాబా మీద చూస్తే ఇదీ సంగతి. అత్తమ్మకు చెబుదామంటే ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు, మధ్యాహ్నానికల్లా గల్లీ అంతా పాకుతుంది. పురుగు పట్టింది, పీకేద్దాం అన్నాను. "దేవుని పూలకెళ్లి మొలిచింది. పూసేదాంక ముట్టకు. నీకేం తొందర?" అంది. ఇక నాకు తిండి సయించలేదు. గల్లీలో ఏ బండి ఆగినా కిటికీ దగ్గరికి పరుగు. పాలవాడు తలుపు తట్టినా చెమటలు.

ఒక సోమవారం అత్తమ్మ గుడికి, మరిది జిరాక్సులకు వెళ్లారు. నేను డాబా ఎక్కి దాన్ని వేళ్లతో సహా పెరికి, చీర కొంగులో చుట్టి దిగుతున్నాను. తలుపు చప్పుడు. చేతికి దొరికింది ముందు గదిలోని కూలరే. చలికాలమని దానికి దుప్పటి కప్పి ఉంచాం. అందులో కుక్కి తలుపు తీస్తే ఎదురుగా పోలీసాయన. లోపలికొచ్చి, టోపీ తీసి, ఆ కూలర్ మీదే పెట్టి కూర్చున్నాడు. చాయ్ ఇచ్చేలోగా అత్తమ్మ రానే వచ్చింది. కుండీలకు నీళ్లు పోయాలని పైకెళ్లి, లబలబలాడుతూ కిందికి దిగింది.

"మంచిగ వచ్చినవ్ బిడ్డా. మా ఇంట్ల దొంగలు పడ్డరు, రాసుకో."

"ఏం పోయిందమ్మా?"

"చెట్టు. దేవుని గేందా చెట్టు."

ఆయన నవ్వాడు. "గేందా చెట్టు ఎవలెత్తుకపోతరు?"

"నీకు తెల్వది. గసుంటి చెట్టు ఈ శాలిబండలనే లేకుండె. ఆకు చెయ్యి పంజా తీర్గ ఉంటది. గుత్తులు జిగటగ ఉంటయ్. పక్కకు నిలబడితే మస్తు తల తిరుగుతది."

చాయ్ కప్పు ఆయన పెదవుల దగ్గరే ఆగిపోయింది. అత్తమ్మను చూశాడు, నన్ను చూశాడు. ఆ నిమిషం కూలర్ వైపు చూడకుండా ఉండటం కంటే కష్టమైన పని నా జన్మలో ఇంకోటి చేయలేదు. "చాచాను అడుగు, ఆయన గూడ గేందానే అన్నడు" అని అత్తమ్మ సాక్ష్యం కూడా పలికింది.

ఆయన చాయ్ అంతా తాగి, లేచి టోపీ తీసుకున్నాడు. "పోయిన చెట్టు పోనియ్యి పెద్దమ్మా. దొంగ మంచోడే ఉన్నట్టున్నడు" అని, నా వైపు తిరిగి మెల్లగా, "మల్ల మొలిస్తే రెండాకుల మీదనే పీకుండ్రి" అన్నాడు. గుమ్మంలో జిరాక్సులతో మరిది ఎదురయ్యాడు. "తమ్మీ, డాబా మీదికి ఎప్పుడన్న పోతవా?" "యాడ సార్, చదువుడే సరిపోతున్నది." ఆయన వాడి భుజం తట్టి వెళ్లిపోయాడు. ఆ సాయంత్రమే చెట్టును ముక్కలు చేసి, ఉప్పునీళ్లలో నానబెట్టి చెత్తబండిలో వేసేశాను.

మరిదికి ఉద్యోగం వచ్చింది. పోయిన చలికాలం ఒక రోజు, ఎక్కడో పట్టుబడిన గంజాయి మూటలు లారీలోంచి దింపించి, యూనిఫాంతోనే నేరుగా ఇంటికి వచ్చాడు. అన్నం వడ్డిస్తున్న అత్తమ్మ గరిటె పక్కన పెట్టి, వాడి చొక్కా చెయ్యి పట్టుకుని వాసన చూసింది. ఆవిడ కళ్లు తళుక్కుమన్నాయి. "నా చెట్టు దొరికింది గదరా. దొంగ ఎవలు?"

మరిది అన్నం ముద్ద చేతిలోనే పట్టుకుని నెమ్మదిగా నా వైపు చూశాడు. "వదినా?" అన్నాడు. నేను మజ్జిగ తెస్తానని వంటింట్లోకి తప్పించుకున్నాను. ఆ చెట్టు పెరికి ఎన్నో చలికాలాలు వెళ్లిపోయాయి. అయినా మెట్ల మీద బూట్ల చప్పుడు వినబడితే, వచ్చేది మా మరిదేనని తెలిసి కూడా, నాకు మాత్రం ఆ సోమవారం ఇంకా గడవలేదనిపిస్తుంది.