రెండు గంటల సేమియా

పావ్‌జూకి ఆరా తీసే బుద్ధి పుట్టుకతో వచ్చింది. కావ్‌షుంగ్ రేవు దగ్గర ఓ చిన్న పోలీసు స్టేషనులో ఇరవై ఎనిమిదేళ్లుగా ఆవిడే వంటమనిషి. పళ్లెంలో ఏం మిగిలిందో చూసి, ఎవరింట్లో గొడవైందో చెప్పేస్తుంది. "పిన్నిని దర్యాప్తులో వేస్తే మనమంతా ఇళ్లకు పోవచ్చు," అని సార్జెంటు షీ ఏడిపిస్తుంటాడు.

శవాన్ని మోసి వచ్చిన పోలీసుకు పంది కాళ్లతో సన్న సేమియా వండి పెట్టడం అక్కడి ఆనవాయితీ. అది తింటే పట్టిన పీడ వదులుతుందట. మనసు బాగోలేదని డాక్టరు దగ్గరకు మాత్రం ఒక్కడూ వెళ్లడు. ఆ మాట పొక్కితే పిస్తోలు లాగేసుకుంటారని, తోటివాళ్లు వింతగా చూస్తారని భయం. అందుకే అందరికీ సేమియాయే మందు.

ముప్పై ఏళ్ల కానిస్టేబులు లీయాంగ్ ఆ నెలలో నాలుగోసారి వచ్చి సేమియా అడిగాడు. పావ్‌జూకి వింతగా తోచింది. ఈ నెల రేవులో ఒక్క చావూ లేదు మరి.

"ఎవరు పోయార్రా?"

"ఎవరూ లేరు పిన్నీ. పాతదే. మార్చిలో నీళ్లలోంచి తీశానే, ఆ పిల్ల. అప్పుడు తిన్నది పని చేసినట్టు లేదు." నవ్వబోయాడు గాని నవ్వు రాలేదు.

అవే పంది కాళ్లు, అదే అల్లం. షీ అంతటివాడికి పని చేసింది, వీడికెందుకు చేయలేదు? ఆలోచిస్తూ చేతిలోని ప్రెషర్ కుక్కరు వంక చూసింది.

కుక్కరు కొని ఏడాదైంది. అందులో అరగంటలో ఉడికిపోతుంది. అంతకుముందు మట్టికుండలో రెండు గంటలు పట్టేది. అంతసేపూ ఆ వచ్చినవాడు పక్కన స్టూలు మీద కూర్చుని వెల్లుల్లి వలిచేవాడు, తిట్టేవాడు, ఏడ్చేవాడు. ఆవిడ అన్నీ అడిగేది. ఇప్పుడంతా రావడం, తినడం, పోవడం. ఇన్ని నెలల్లో లీయాంగ్‌ని ఒక్క మాటా అడగలేదు. ఆవిడకు సిగ్గేసింది.

"సేమియాలో ఏమీ లేదు నాయనా, నాకే ఇన్నాళ్లూ తెలీలేదు. కూర్చో." కుండ ఎక్కించి, వెల్లుల్లి అతని ముందు పోసింది. "ఆ పిల్ల పేరేంటి?"

అతను చాలాసేపు వలుస్తూనే ఉన్నాడు.

"యూతుంగ్," అన్నాడు చివరికి. "ఒక కాలికే చెప్పుంది పిన్నీ. రెండోది అరగంట వెతికాను. వాళ్లమ్మ గట్టు మీద నిలబడే ఉంది, చెప్పు దొరికితే పిల్ల లేస్తుందన్నట్టు. దొరకలేదు."

పావ్‌జూ కళ్లు తుడుచుకుంది. "ఇంకా?"

"పదకొండింటికి డ్యూటీ. పిస్తోలు చేతికి రాగానే రోజూ చచ్చిపోవాలనే అనిపిస్తోంది. ఇవాళ తీసుకోవాలంటే భయంగా ఉంది."

ఆవిడ పొయ్యి ఆర్పేసి, అతని చెయ్యి పట్టుకుని మెట్లెక్కించింది. ఆయుధాలిచ్చే కిటికీ వెనక షీ కూర్చుని ఉన్నాడు.

"ఏంటి పిన్నీ, నీక్కూడా తుపాకీ కావాలా?"

"వీడికి ఇవాళ ఇవ్వకు."

"ఎందుకని?"

ఆవిడ చెప్పబోయింది. లీయాంగ్ ఆవిడ చెయ్యి నొక్కి ఆపాడు.

"నేనే చెప్తాను సార్," అన్నాడు.

షీ అతని ముఖం చూశాడు. కిటికీ మూసి, తాళం వేసి, బయటికొచ్చి, అతన్ని బల్ల మీద కూర్చోబెట్టి తనూ పక్కన కూర్చున్నాడు.