మల్లెపొదను ముట్టిన మధ్యాహ్నం

ఆదివారం వదిన పుట్టింటివాళ్ళు వస్తున్నారని, పెరడు కాస్త నలుగురూ కూర్చునేలా చెయ్యమని అన్నయ్య చెప్పడంతో ఈ ఉదయం చీపురు పట్టుకొని బాన్సువాడలోని మా ఇంటి వెనక్కి వెళ్ళాను. వైశాఖం ఎండలో నందివర్ధనాలు విరబూసి ఉన్నాయి. ఏడాదంతా మట్టిలో దాక్కొని ఈ నెలలో మాత్రమే తల ఎత్తే మే పువ్వు ఎర్రటి బంతిలా నిలబడి ఉంది. బట్టలుతికే బండ దాకా ఊడ్చుకుంటూ వచ్చి ఆగిపోయాను. దాన్ని దాటవద్దనేవాళ్ళు ఇప్పుడు ఎవరూ లేరు, అయినా కాలు ఒక్క క్షణం వెనకాడింది. నాతోపాటు కాలేజీ వేదికల మీద మూఢనమ్మకాలను ఖండించి కప్పులు గెలుచుకున్న నా ఈడువాళ్ళు నవ్వుకోవచ్చు. మీకు కాక మరెవరికి చెప్పుకోను?

ఆరేళ్ళ కిందట, నేను డిగ్రీ చివరి ఏడాదిలో ఉన్నప్పుడు, బండకు అవతల నాయనమ్మ పెంచిన బొండుమల్లె పొద ఉండేది. నెలసరి రోజుల్లో ఆడవాళ్ళు ఆ బండ దాటకూడదు, మల్లెను ముట్టుకుంటే మాడిపోతుంది అన్నది ఆమె నియమం. ఆ మూడు రోజులూ వెనక వసారాలో వాళ్ళకు చాప పరిచేవారు. నా శరీరం సంగతి ఎవరికీ నివేదించవలసిన అవసరం లేదన్న పట్టుదలతో నేను ఇంట్లో ఆ మాట చెప్పడమే మానేశాను. హాస్టల్లో ఉంటూ వచ్చిపోతుండటం వల్ల అది సులువే అయింది. అందువల్ల నాకు ఎన్నడూ చాప పరచలేదు.

అన్నయ్య పెళ్ళి తరువాత అది మొదటి వేసవి. మద్నూర్ నుంచి వదినవాళ్ళ అమ్మ, మేనత్తలు తొలిసారి మా ఇంటికి రావలసి ఉంది. తన గడప తొక్కిన ప్రతి ఆడమనిషికీ బొట్టు పెట్టి, తలలో తన చెట్టు పూలే తురిమి పంపుతానని నాయనమ్మ పెళ్ళి పందిట్లోనే మాట ఇచ్చింది. చెట్ల మొదళ్ళకు సున్నం, గట్లకు ఎర్రమన్ను పూయించింది. పొద నిండా మొగ్గలు పచ్చిపాల రంగులో ఉబ్బి ఉన్నాయి. వాళ్ళు రావడానికి రెండు రోజుల ముందు వదినకు వసారాలో చాప పడింది. అదే రోజు నాకూ నెలసరి వచ్చింది.

ఆ మధ్యాహ్నం ఇంటిల్లిపాదీ కునుకు తీస్తున్న వేళ, వదిన కూడా గోడవైపు తిరిగి పడుకొని ఉండగా, నేను బండ దాటాను. చేస్తున్నది తుంటరిపని కాదు, పరీక్ష అనుకున్నాను. రెండు చేతులూ కొమ్మల్లోకి పోనిచ్చి మొగ్గలను తాకాను. కాకి కూడా అరవని ఎండ అది. గాలి లేనప్పుడు ఆకు కదలకపోవడం సహజమే. కానీ నా వేళ్ళ కింద ఆ పొద ఊపిరి బిగబట్టినట్టు, నేను ఎప్పుడు వెళ్ళిపోతానా అని ఎదురుచూస్తున్నట్టు అనిపించింది. వెనక్కి తీసుకున్న చేతులకు పూలవాసన లేదు. పొద ఇంకా పచ్చగా ఉండి నా వాదాన్ని నిలబెట్టాలన్న ఆశతో, ఎండలో పడి ఉన్న నల్లపైపు తీసి ఇవతలి కొమ్మల మీద నీళ్ళు చిమ్మి వచ్చేశాను.

తెల్లవారి నాయనమ్మ కేకకు లేచాం. ఆకులు ముడుచుకుపోయాయి. మొగ్గలు రాలలేదు, నల్లబడి, కొమ్మలకు అంటుకొని, తెరిచిన కళ్ళలా మావైపే ఉన్నాయి.

“బండ దాటినవా పిల్లా?” అంటూ నాయనమ్మ చాప మీదున్న వదినవైపు తిరిగింది.

“లేదు నాయనమ్మా. చాప మీదికెంచి లేవనే లేదు.”

“ఇగ చెట్టే నీ దగ్గర్కి వచ్చిందా ఏంది? మీ దిక్కు జొన్నరొట్టెలే గని మల్లెచెట్టు ఎరుకలేదా?”

నోరు విప్పవలసింది నేను. విప్పలేదు. భయపడి కాదు, నేనే ముట్టుకున్నానని ఒప్పుకుంటే ఆ నియమమే నిజమని తేలుతుంది, ఒక తరం ఆడపిల్లల తరఫున నేను చేస్తున్న వాదం ఓడిపోతుంది అని లెక్క వేసుకున్నాను. వాదాన్ని కాపాడటానికి వదినను వదిలేశాను.

మర్నాడు చుట్టాలు వచ్చారు. బజారు పూలు పళ్ళెంలో పెట్టి, నాయనమ్మ అందరి ముందూ అననే అన్నది: “మా చెట్టు పూలు వెడ్తనంటి. మీ బిడ్డ చెయ్యివెట్టింది, మాడిపోయింది.” వదినవాళ్ళ అమ్మ కొంగు తల మీదికి లాక్కొని, “తప్పయింది పెద్దమ్మా, మేమే సరిగ నేర్పలే,” అంటూ ఆ ఎండిన పొద ముందుకు వెళ్ళి చేతులు జోడించింది. వదిన ఏడవలేదు. నావైపు ఒక్కసారి చూసి తల తిప్పుకుంది.

నాయనమ్మ పోయిన మరుసటి వేసవిలో, అదే పైపుతో కాళ్ళు కడుక్కోబోయి కెవ్వుమన్నాను. ఎండకు అందులో నీళ్ళు సలసల కాగి ఉన్నాయి. కారణం దొరికిందని ఆ పూటంతా తేలికపడ్డాను. కానీ ఆ నీళ్ళు పడింది ఇవతలి కొమ్మల మీదే. చుక్క నీరు తగలని అవతలి పక్క, నా చేతులు మాత్రమే తగిలిన పక్క, మొగ్గలు ఎందుకు నల్లబడ్డాయో నేటికీ చెప్పలేను.

నిరుడు వదినకు అంతా చెప్పేశాను. ఆమె బియ్యం ఏరుతూ తల ఎత్తకుండానే, “నాకు ఎర్కనే. నిద్ర వట్టక ఇటు మర్లితే నువ్వే కనవడ్డవు,” అంది. మరి ఆనాడే ఎందుకు చెప్పలేదని అడిగాను. “నువ్వే చెప్తవేమో అని జూసిన. చదువుకున్నదానివి గదా!”

ఇప్పుడు మా ఇంట్లో చాప పరచరు. ఎవరూ వాదించి గెలిచింది లేదు; నాయనమ్మ వెనకే ఆ నియమమూ చడీచప్పుడు లేకుండా వెళ్ళిపోయింది. వదినవాళ్ళ అమ్మ మాత్రం ఏటా మద్నూర్ నుంచి ఒక మల్లెమొక్క తెచ్చి, కూతురి తప్పుకు పరిహారంగా బండ అవతల నాటి, దండం పెట్టి వెళుతుంది. ఎవరి చెయ్యీ సోకకున్నా వాన పడేలోగా అది నల్లబడుతుంది. ఈసారి ఆమె మొక్క దించకముందే నా సంగతి చెప్పేస్తాను. ఆనాడు చెప్పి ఉంటే ఇల్లు దద్దరిల్లేది, నాయనమ్మ నన్ను వారం రోజులు తిట్టేది, వదిన తల ఎత్తుకొని తిరిగేది. ఈనాడు చెబితే పాతకాలపు ముచ్చట లెమ్మని అందరూ నవ్వేస్తారు. నన్ను తిట్టే హక్కున్న మనిషి ఇంట్లో ఒక్కరూ మిగల్లేదు.