లీలాకుమారి గారి పులుసు గిన్నె

మనుషుల నడుములు సరిచేసేవాళ్లు జూబ్లీహిల్స్‌లో వీధికి ఇద్దరున్నారు. నలభై అడుగుల కటౌట్‌కి నడుము వంకర తీసిన మనిషి మాత్రం ఒక్కరే. ఆవిడ పేరు లీలాకుమారి. నిచ్చెన వెయ్యలేదు, క్రేను పిలవలేదు. కింద గొడుగు ఆనించుకుని నిలబడి ఒక్క చూపు చూశారట, పైనున్న హీరో వెన్ను దానంతటదే నిటారైపోయిందట. నమ్మనివాళ్లు ఫిల్మ్‌నగర్ టీ కొట్టు దగ్గరికి వచ్చి అడగొచ్చు. అక్కడ ఏది అడిగినా నిజమేనంటారు.

ఆవిడకున్న జబ్బల్లా ఒకటే. వంకర నడుము కనబడితే ఊరుకోలేరు. పెద్దాసుపత్రిలో ఫిజియోథెరపిస్టుగా చేసి రిటైరయ్యారు గానీ, ఆగిపోయింది జీతం ఒక్కటే. ఆవిడ సిద్ధాంతంలో దేవుడు ప్రతి మనిషికీ రెండు తుంటి ఎముకల మధ్య ఒక పులుసు గిన్నె పెట్టి పంపించాడు. సరిగ్గా నిలబడితే గిన్నె తిన్నగా ఉంటుంది. రొమ్ము విరుచుకుని, నడుము గుంట చేసి, పిరుదులు వెనక్కి నెడితే పులుసు ముందుకి ఒలుకుతుంది. సోఫాలో జారబడితే వెనక్కి ఒలుకుతుంది. ఆ లెక్కన జూబ్లీహిల్స్‌లో ఉన్నవి రెండే కులాలు, ముందొలుకులు, వెనకొలుకులు. హీరోలంతా మొదటి కులం, నిర్మాతలంతా రెండోది. కథా రచయితలకి దేవుడు గిన్నె ఇవ్వడం మర్చిపోయాడని ఆవిడ అభిప్రాయం.

ఒక పెళ్లిలో జీలకర్ర బెల్లం పెట్టబోతుంటే ఆవిడ ముందువరసలోంచి లేచి ఆగమన్నారు. భజంత్రీలు ఆగిపోయాయి. "నాయనా, నీ పులుసు వెనక్కి ఒలుకుతోంది" అన్నారు వరుడితో. వరుడు నిటారుగా కూర్చున్నాడు. అతన్ని చూసి పెళ్లికూతురు, ఆ పిల్లని చూసి పురోహితుడు, ఆయన్ని చూసి పందిరి పందిరంతా నిటారైపోయింది. ఆ పెళ్లి ఫోటోలు ఇప్పటికీ ఎవరో జాతీయగీతం పాడుతుండగా తీసినట్టే ఉంటాయి. ఇంకోసారి ఒక కారెక్టర్ ఆర్టిస్టుతో, ఆ పొట్టలో సగమే పొట్ట, మిగతాది ఒలుకు అన్నారు. తనతో అంత మర్యాదగా ఎవరూ మాట్లాడలేదని ఆయన కళ్లనీళ్లు పెట్టుకున్నాడు.

ఇంట్లో భర్త సత్యనారాయణమూర్తి గారికి ఒక పడక్కుర్చీ ఉండేది. దాన్ని ఆవిడ ఎవరికో దానం చేసేశారు. అప్పట్నుంచి మూర్తిగారు పేపరు చదవడానికి సెలూన్‌కి వెళుతున్నారు. అక్కడి కుర్చీ వెనక్కి వాలుతుంది.

రహమత్ నగర్ యాదగిరి ఆవిడ కంట పడింది టీ కొట్టు దగ్గర. యాదగిరి డూప్. 'పిడుగు స్టార్' రిత్విక్ గారు గోడ దూకినా, కొండెక్కినా, వానలో తడిసినా, ముఖం కనబడకపోతే అది యాదగిరే. రిత్విక్ గారికి ఒక నిలబడే తీరుంది. రొమ్ము ముందుకి, పిరుదులు వెనక్కి, మధ్యలో నడుము గండిపడిన గట్టులాగా గుంట. అభిమానులు దాన్ని పిడుగు కట్ అంటారు. ఆ వంకర పట్టడానికి యాదగిరి ఏళ్ల తరబడి సాధన చేశాడు. వంకర కుదిరింది, అన్నం దొరికింది. చిక్కల్లా కెమెరా ఆగినా వంకర ఆగకపోవడమే. నల్లా దగ్గర బిందె పట్టినా పిడుగు కట్టే. నడుము నొప్పి ముదిరి, బూట్ల తాళ్లు భార్య భూలక్ష్మి కట్టాల్సి వచ్చేది. కూతురు చిన్ని ఎత్తుకోమని చేతులు చాస్తే ఏదో పని గుర్తొచ్చినట్టు పక్కకి తప్పుకునేవాడు.

"నాయనా, నీ పులుసంతా రోడ్డు మీదే ఉంది" అన్నారు లీలాకుమారి గారు.

యాదగిరి చేతిలో గ్లాసు చూసుకున్నాడు. "గిది చాయ్ అమ్మా."

"గ్లాసు గొడవ కాదు, నడుం గొడవ. నొప్పి ఉందా లేదా?"

"ఉన్నది. ఐతే గిది నొప్పి కాదమ్మా, నౌకరీ."

నౌకరీ సంగతి తర్వాత చూద్దామని ఆవిడ అప్పటికప్పుడు, తాను నడుములు సరిచేసే కమ్యూనిటీ హాలుకి తీసుకెళ్లి గోడకి నిలబెట్టారు. మడమలు, పిరుదులు, భుజాలు, తల గోడకి ఆనించమన్నారు. మామూలు మనిషికి నడుము వెనక సందులో అరచెయ్యి పడుతుంది. యాదగిరి నడుము వెనక నుంచి హాలు పిల్లి ఇటు దూరి అటు వెళ్లింది, మధ్యలో ఆగి ఒళ్లు కూడా విరుచుకుంది.

కాళ్లలో తిమ్మిర్లేమీ లేవని చూసుకున్నాక, తొడల ముందు కండరాలు బిగుసుకుపోయాయనీ, పొట్టా పిరుదులూ పని మానేశాయనీ తేల్చారు. ఇక మొదలైంది. ఒక మోకాలు నేలకానించి తుంటి ముందు భాగం సాగదియ్యడం, వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి పిరుదులు పైకెత్తడం, గోడకి ఆని గిన్నె తిన్నగా తేవడం. ఒక్కరోజు ఎగ్గొడితే రహమత్ నగర్ గల్లీలోకి గొడుగు వచ్చేది. ఆ ధాటికి యాదగిరితో పాటు గల్లీలో బిందెలు పట్టుకుని నిలబడ్డవాళ్లంతా సరైపోయారు. వానలు వెలిసేసరికి నొప్పి దిగింది. చిన్ని తండ్రి భుజాలెక్కింది. భూలక్ష్మి సంతోషం పట్టలేక యాదగిరి చేత చేపల పులుసు పంపితే, గిన్నె తిన్నగా పట్టుకొచ్చావా అని మాత్రం అడిగారావిడ.

ఆ వారమే సెట్టులో కొంప మునిగింది. హీరో గుమ్మం దాకా నడిచివెళ్లి ఇటు తిరగాలి. వీపు యాదగిరిది, ముఖం రిత్విక్ గారిది. డైరెక్టర్ బసవపున్నయ్య గారు మానిటర్‌లో రెండు ముక్కలూ కలిపి చూశారు. నిటారుగా వెళ్లిన మనిషి ఇటు తిరిగేసరికి వంకరపోయి ఉన్నాడు.

"గుమ్మం దగ్గర మన హీరోని ఎవరైనా తన్నారా?" అని అడిగారాయన.

రిత్విక్ గారు పక్కనే ఉన్నారు కాబట్టి ఎవరికీ నవ్వు రాలేదు. రెండు నడుముల్లో ఏది తప్పో తేల్చడానికి ఎక్కువసేపు పట్టలేదు. ఇండస్ట్రీలో తప్పెప్పుడూ నిటారుగా ఉన్నవాడిదే. వచ్చే షెడ్యూలుకి పాత నడుముతో రాకపోతే కొత్త డూప్‌ని పెట్టుకుంటామని మేనేజర్ చెప్పేశాడు.

యాదగిరి ఇంటికెళ్లి అద్దం ముందు పాత వంకర కోసం వెతికాడు. దొరికింది, దాని వెనకే నొప్పీ దొరికింది. చిన్ని ఎత్తుకోమని వస్తే మళ్లీ పక్కకి తప్పుకున్నాడు. అప్పుడు లేచి తిన్నగా హాలుకి వెళ్లాడు.

"నొప్పి తీసిన్రు, దాంతోనే బువ్వ గూడ తీసిన్రమ్మా. నా వంకర నాకియ్యిన్రి."

లీలాకుమారి గారు గొడుగు అందుకున్నారు. హాలుకి తాళం వేసి ఇంటికెళ్లిపోయారు.

టీ కొట్టు దగ్గర పందేలు మొదలయ్యాయి. ఆవిడ సెట్టుకెళ్లి గొడుగు కొక్కెంతో రిత్విక్ గారి నడుము లాగేస్తారని కొందరు, బసవపున్నయ్య గారినే గోడకి నిలబెడతారని కొందరు. ఆవిడ ఎక్కడికీ వెళ్లలేదు. హాలు తలుపు తెరుచుకోలేదు. జూబ్లీహిల్స్ జనం నిర్భయంగా వంగి నడిచిన రోజులు అవే. తనని ముంచేసి ఆవిడ ముఖం చాటేశారనే యాదగిరి అనుకున్నాడు.

అసలు సంగతి అతనికి చెప్పింది మూర్తిగారు, సెలూన్ కుర్చీలో వెనక్కి వాలి. పొద్దున్నే ఆయన పడగ్గది తలుపు తీసేసరికి అద్దానికి ఫోను ఆనించి ఉంది. ఫోన్లో రిత్విక్ గారి పాట. అద్దం ముందు నేత చీర కట్టుకున్న లీలాకుమారి గారు, రొమ్ము విరిచి, నడుము గుంట చేసి, పిరుదులు వెనక్కి నెట్టి, పూర్తి పిడుగు కట్‌లో. ఇన్నేళ్ల సంసారంలో మూర్తిగారు అంతగా ఎప్పుడూ జడుసుకోలేదు.

"అతనికి వంకర నేర్పాలంటే ముందు నాకు రావాలి కదండీ" అన్నారట ఆవిడ, వెనక్కి తిరక్కుండా. తిరగలేకపోయారు, అప్పటికే నడుము పట్టేసింది. వేణ్ణీళ్ల సంచి మూర్తిగారే పెట్టారు. అదే అదనుగా పడక్కుర్చీ మాటెత్తారు గానీ అది ఆవిడకి వినబడలేదు.

మర్నాడు హాలు తెరిచారు. పట్టేసిన తన నడుము మీద చెయ్యి పెట్టుకునే, యాదగిరిని అద్దం ముందు నిలబెట్టారు.

"ఇన్నాళ్లూ గిన్నె నిన్ను వంచింది. ఇప్పుడు గిన్నె నీ చేతిలో ఉంది. యాక్షన్ అంటే ఒలికించు. కట్ అంటే తిన్నగా పెట్టెయ్. కట్ తర్వాత ఒలికిందని తెలిస్తే సెట్టుకొచ్చి అందరి ముందూ గోడకి నిలబెడతా."

ఆ బెదిరింపుకే యాదగిరికి సగం విద్య వచ్చేసింది. షెడ్యూలు నాటికి వంకర చొక్కాలాంటిదైంది, తొడుక్కోవచ్చు, విప్పి కొక్కేనికి తగిలించొచ్చు. బసవపున్నయ్య గారు మానిటర్ చూసి, ఇదీ మా హీరో నడుమంటే, అని ముచ్చటపడ్డారు. కొత్త డూప్ మాట మేనేజర్ మళ్లీ ఎత్తలేదు.

ఆ సినిమాకే పోస్టరు తీశారు. కొండ అంచున హీరో అటు తిరిగి నిలబడాలి. ఎండగా ఉంది కాబట్టి రిత్విక్ గారు క్యారవాన్‌లోనే ఉండి కళకి తోడ్పడ్డారు. యాదగిరి ఒలికించాడు, కట్ అనగానే తిన్నగా పెట్టేశాడు. స్టిల్ ఫోటోగ్రాఫర్ వేలు ఒక్క క్షణం ఆలస్యంగా పడింది. డైరెక్టర్‌కి నచ్చింది సరిగ్గా ఆ ఫోటోయే. అదే కటౌటై థియేటర్ ముందు లేచింది. అభిమానులు బిందెలతో పాలు పోశారు. రిత్విక్ గారు స్వయంగా వచ్చి తలెత్తి చూసి, తనింత బాగా నిలబడతానని తనకే తెలియదన్నారు. ఇంటర్వ్యూల్లో ఆ నడుము రహస్యం అడిగితే క్రమశిక్షణ అని చెబుతున్నారు. ఫిల్మ్‌నగర్‌లో డూప్ పేరు పైకి అనడం ఆనవాయితీ కాదు కాబట్టి యాదగిరి ఆ పాలు కింద కాలవలో పోతుంటే చూసి ఇంటికెళ్లిపోయాడు.

ఆనవాయితీ తెలిసిన టీ కొట్టు వాళ్లు ఆ నిటారు నడుముకి వేరే కారణం వెతికి లీలాకుమారి గారి చూపుకి కట్టబెట్టారు. మొన్న సాయంత్రం ఎవరో కొత్తాయన దొరికితే, కటౌట్ నలభై అడుగుల నుంచి మొదలుపెట్టి కథ సాగదీస్తున్నారు. పక్కనే చిన్నిని భుజాల మీద ఎక్కించుకుని యాదగిరి చాయ్ తాగుతున్నాడు. ఆవిడ గొడుగు ఆనించుకుంటూ వచ్చి, అలవాటుగా ముందు అతని నడుము చూసి, కొత్తాయన వైపు తిరిగారు.

"ముప్పై అడుగులేనండీ. దానికి నేనేమీ చెయ్యలేదు. అందులో నిలబడింది మా యాదగిరి. ఆ నడుం అతనిది."