ఆరో గ్లాసు

నా చిన్నప్పుడు మేము పిస్కాటవే అనే అమెరికన్ ఊళ్ళో ఒక అపార్ట్‌మెంట్ కింది ఫ్లోర్‌లో ఉండేవాళ్ళం. అమ్మా నాన్నా ఇద్దరికీ ఉద్యోగాలు. స్కూల్ బస్ దిగాక అమ్మ వచ్చేదాకా నన్ను చూసుకునేది పైయింటి ఆంటీ. ఆవిడది ఆఫ్రికాలో మలావి అనే దేశం. హాస్పిటల్లో నర్సు, పొద్దున్నే డ్యూటీకి వెళ్ళి మధ్యాహ్నానికి వచ్చేసేది. ఆవిడకి నా ఈడువాళ్ళే ఇద్దరు ఆడపిల్లలు.

పిల్లని ఉంచడానికి ఆవిడ ఇల్లు కావాలి గానీ, అక్కడ పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టకూడదని మా అమ్మ రూలు. ఎందుకని అడిగితే కళ్ళెర్రజేసేది. ఆ మాట నేనెప్పుడో గాలికొదిలేశాను. మొక్కజొన్న పిండితో మన సంగటిలాగే ముద్ద చేసి, దాన్ని వాళ్ళు న్సిమా అనేవాళ్ళు, వేరుశనగ పొడి వేసిన ఆకుకూరతో పెట్టేది. చేత్తోనే తినేవాళ్ళం. టీకి నాకంటూ ఒక నీలం అంచు కప్పు కూడా ఉండేది అక్కడ.

ఐదో క్లాసులో ఒక్కొక్కరికీ ఒక్కో దేశం మీద ప్రాజెక్ట్ ఇచ్చారు. చీటీ తీస్తే నాకు మలావి వచ్చింది. ఫ్రాన్స్ రాలేదని ఏడ్చాను, సిగ్గులేకుండా ఆంటీ ముందే. పేద దేశం, సముద్రం లేదు, వ్యవసాయం చేస్తారు అని మూడు ముక్కలు రాసి చూపించాను. ఆవిడ చదివి కాగితం మడిచి పక్కన పెట్టింది. కిరాణా కొట్టు బ్రౌన్ పేపర్ సంచి ఒకటి కత్తిరించి పరిచి, క్రేయాన్లతో వాళ్ళ దేశం గీసింది. మునక్కాయ ముక్కలా పొడుగ్గా, సన్నగా ఉంది. తూర్పు పక్కంతా నీలం రంగు పూసింది. అది సరస్సట, అవతలి ఒడ్డు కనిపించనంత వెడల్పట. మన పెట్ షాపుల్లో గాజు తొట్టెల్లో తిరిగే నీలం, పసుపు చేపలు చాలావరకు అక్కడివే అంది. ఆ సరస్సులోంచి దక్షిణానికి దిగే షిరే నది, అందులో నీటిగుర్రాలు, టీ తోటల మధ్య నిటారుగా లేచే ములాంజే కొండ, అన్నీ గీసింది. పొగాకు, టీ, చక్కెర పండించి, పక్క దేశాల రేవుల దాకా మోసుకెళ్ళి అమ్ముకుంటారని చెప్పింది. వాళ్ళమ్మ చోలో కొండల్లో వీపున బుట్ట కట్టుకుని టీ ఆకు కోసేదట.

ఆ శనివారం ఆవిడ మ్యాప్ తీసుకుని, వాళ్ళ ఊరి టీ ప్యాకెట్ ఒకటి చేత్తో పట్టుకుని మా ఇంటికి దిగొచ్చింది. అమ్మ ఆ పొడితోనే టీ పెట్టింది, రంగు భలే వచ్చిందని మెచ్చుకుంది. ట్రేలో మాకు మూడు స్టీలు గ్లాసులు సర్దింది. మా అమ్మమ్మ పేరు చుక్కలు చుక్కలుగా కొట్టించిన ఆరు గ్లాసుల సెట్టు అది. నాలుగోది పేపర్ కప్పు. ఏది ఎవరికో కళ్ళతోనే చెప్పి ట్రే నా చేతికిచ్చింది. నేను పట్టుకెళ్ళి ఇచ్చాను. ఆవిడ మా గ్లాసులు చూసింది, తన కప్పు చూసింది, తాగి థాంక్స్ చెప్పి వెళ్ళింది. తలుపు పడగానే అమ్మ ఆ కప్పుని రెండు వేళ్ళతో తీసి చెత్తలో పడేసి, ఆవిడ కూర్చున్న చోటు తుడిచింది.

సోమవారం పైకి వెళ్తే ఆంటీ టీ పెట్టింది. వాళ్ళ పిల్లలకి వాళ్ళ కప్పులు. నాకు పేపర్ కప్పు. నా నీలం అంచు కప్పు ఎదురుగా షెల్ఫ్‌లోనే ఉంది. నాదేది అని అడిగాను. మీ ఇంటి పద్ధతి ఇదే కదా, నీకిక ఇందులోనే అంది. నాకు ఒళ్ళు మండిపోయింది.

"నేను కాదు, మా అమ్మ పెట్టింది."

"తెచ్చింది ఎవరు?"

ఆవిడే చెప్పింది. వాళ్ళమ్మ తోట యజమాని ఇంటికి ఆకు మోసుకెళ్తే, వెనక వరండాలో ఒక తుప్పుపట్టిన డబ్బాతో మంచినీళ్ళిచ్చేవాళ్ళట. "ఆ డబ్బా తప్పించుకోవడానికే నేను చదువుకున్నాను. ఇంత దూరం వచ్చాక అదే డబ్బా నువ్వు నా చేతికిచ్చావు." గొంతు పెంచలేదు. తిట్టినా బాగుండేది.

రాత్రి అమ్మని నిలదీశాను. వాళ్ళు వేరు, మనం వేరు, నోర్మూసుకో అంది. నాన్న టీవీ సౌండ్ పెంచాడు. ప్రాజెక్ట్ రోజున ఆ మ్యాప్ గోడకి అతికించి సరస్సు గురించీ కొండ గురించీ గడగడా చెప్పేశాను. టీ తోటల దగ్గరికొచ్చేసరికి ఆపేసి వెళ్ళి కూర్చున్నాను.

తర్వాతి శనివారం అమ్మ తలస్నానం చేస్తుంటే, పొయ్యి మీది టీ స్టీలు గ్లాసు నిండా పోసుకుని మెట్లెక్కాను. వేళ్ళు చుర్రుమన్నాయి. ఆంటీ తలుపు తీసి, గ్లాసు అందుకుని తిప్పి చూసి, ఆ చుక్కలేంటి అని అడిగింది. మా అమ్మమ్మ పేరు అన్నాను. గుమ్మంలోనే నిలబడి మొత్తం తాగింది. నవ్వలేదు. గ్లాసు తిరిగి ఇవ్వనూ లేదు. కడిగి, షెల్ఫ్‌లో నా నీలం అంచు కప్పు పక్కన పెట్టింది. తర్వాత నా కప్పు కిందకి దించింది.

అమ్మ ఆ గ్లాసు కోసం ఇల్లంతా వెతికింది. ఎక్కడుందో చెప్పాను. తెచ్చినా వాడను, అక్కడే ఏడవనీ అంది. తేను అన్నాను. చెంప పగిలింది.

అమ్మ పోయాక మిగిలిన ఐదు గ్లాసులూ నాకొచ్చాయి. ఇప్పుడు కమ్మింగ్ అనే ఊళ్ళో నా వంటింట్లో ఉన్నాయి. మొన్న డిష్‌వాషర్ రిపేర్ చేయడానికొచ్చిన నల్లజాతి అతనికి వాటిలోనే మంచినీళ్ళిచ్చాను. పక్కనే ఉన్న మా ఫ్రెండ్, ఏ గ్లాసో గుర్తుపెట్టుకో అని నా చెవిలో గొణిగింది. ఇన్నేళ్ళయినా, ఇంత చదివినా, ఈ రోగం కుదరదా మనవాళ్ళకి? అన్నీ కలిపి కడిగి, ఏదో ఒక గ్లాసులో ఆవిడకి టీ పోశాను. ముట్టుకోలేదు. పొమ్మన్నాను.

ఎవరింట్లోనైనా ట్రే నా చేతికిస్తే ముందు దాని మీదున్నవన్నీ ఒకేలా ఉన్నాయా అని చూస్తాను. ఒక్కటి తేడాగా ఉన్నా ట్రే అక్కడే పెట్టేస్తాను. సర్దినవాళ్ళనే తీసుకెళ్ళమంటాను.